దీని దుంప తెగ!

మా అమ్మమ్మకి కోపం వస్తే నోట వచ్చే తిట్టు ఒకటే: "నీ దుంప తెగ!" పాలు పొంగినా అదే, పిల్లి పెరుగు తాగినా అదే, తాతయ్య ఎవరింట్లోనో గొడుగు మరిచిపోయి వచ్చినా అదే. అందులో విషం వుండేది కాదు. తిట్టిన నోటితోనే అన్నానికి లేవమనేది. అంత తేలిక తిట్టుని నేను పళ్ళు కొరుకుతూ, అర్థం అక్షరాలా తెలిసి మరీ వాడవలసిన రోజు నా నలభై రెండో ఏట వచ్చింది. అదీ నిజం దుంపల మీదే.

సంగతి చెబుతాను. మావారికి అరకులోయ బదిలీ అయి మూడేళ్ళు దాటింది. బదిలీ కాగితం వచ్చిన రోజున మా చుట్టాలంతా "అదృష్టవంతురాలివే, ఏడాది పొడుగునా పిక్నిక్కే!" అన్నారు. ఆ పిక్నిక్కుకి వచ్చేవాళ్ళకి వండి పెట్టేదెవరో ఒక్కరికీ తట్టలేదు. సరే, ఆ గోడు మరోసారి. సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తున అద్దె యిల్లు, యింటిముందు నాలుగు గజాల జాగా, తెల్లవారితే గుమ్మందాకా వచ్చి నిలబడే మంచు. ఇంత వుండి నాలుగు పూలమొక్కలు పెంచకపోతే పాపం చుట్టుకుంటుందనిపించింది. నేను చదివింది బి.ఏ. నాకు తెలిసిన వృక్షశాస్త్రమంతా ప్రబంధాల్లోదే. అక్కడ సుందరాంగి కాలితో తంతే అశోకం పూస్తుంది, మద్యం పుక్కిలిస్తే పొగడ పూస్తుంది. ఈ పాటి విద్యతో కుండీలు సర్దడానికి బయల్దేరాను.

నెలకోసారి సరుకులకి విశాఖపట్నం దిగడం మాకు అలవాటు. అక్కడ పేటకొకటి చొప్పున వెలిసిన డిస్కౌంటు స్టోర్లలో ఒకదానికి వెళ్తాం. కందిపప్పు, సబ్బులు, బకెట్లు, బనీన్లు, దేవుడి పటాలు, సమస్తం ఒకే కప్పు కింద. మేం అరకు వచ్చిన ఏడాది అక్టోబరు చివర్లో, డబ్బు కట్టే వరసలో నిలబడి వుండగా, ఫినాయిలు సీసాల పక్కన ఒక అట్ట స్టాండు కనబడింది. దానికి జాలీ సంచులు వేలాడుతున్నాయి. ప్రతి సంచికీ ఒక బొమ్మ. బొమ్మలో ఎర్రటి తులిప్ పూలు, వరసలు వరసలుగా, వెనకాల గాలిమర. అయిదు దుంపలు. 199 కొట్టేసి 99.

మనసు ఎటు పోయిందో చెప్పనక్కర్లేదు. 1981లో వచ్చిన 'సిల్‌సిలా' సినిమాలో అమితాబ్, రేఖ హాలండు తులిప్ తోటల మధ్య నడవడం చిన్నప్పుడు టీవీలో చూసి, అంత చక్కటి నేల భూమ్మీద వుంటుందా అని నోరు తెరిచిన తరం మాది. రేఖ అంత కాకపోయినా అయిదు పూలకి నోచుకోలేనా? రెండు సంచులు తీసుకున్నాను. మావారు ఉల్లిపాయలనుకుని కూరల సంచిలో పడేశారు. ఆయన అనుకున్నదే నిజమైతే బాగుండేది, కనీసం పులుసులోకి పనికి వచ్చేవి.

సంచి వెనక నాలుగైదు భాషల్లో ఏదో అచ్చేశారు, తెలుగు తప్ప. నాకు అర్థమైనంతవరకు ఇసకా, మన్నూ, పశువుల ఎరువూ కలిపి, పది దుంపలూ పది కుండీల్లో నాటాను. నవంబరంతా చూశాను. డిసెంబరులో ఊరంతా వలిస పూలతో పసుపు ఆరబోసినట్టు వుంటే, టూరిస్టులు బస్సులు దిగి ఆ చేలల్లో ఫొటోలు తీయించుకుంటూ వుంటే, నేను మాత్రం వీటికి వీపు తిప్పి కుండీల్లోకి తొంగి చూస్తూ కూర్చున్నాను. సంక్రాంతి తర్వాత మూడింటికి ఆకులు వచ్చాయి. రెండేసి ఆకులు, వెక్కిరించడానికి నాలిక చాచినట్టు. అంతే. ఫిబ్రవరిలో బొరిగె పెట్టి మిగతావి తవ్వితే కుళ్ళిన ఉల్లిపాయ వాసన గుప్పున కొట్టింది. అప్పుడన్నాను అమ్మమ్మ మాట. తీరా చూస్తే అది అప్పటికే తెగి వుంది.

నేను కొంచెం మొండిదాన్ని. ఆ ఖాళీ సంచీ, రసీదూ పట్టుకుని స్టోరుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు రసీదు చూసి, "లైవ్ ప్లాంట్స్‌కి రిటర్న్ వుండదు మేడమ్" అన్నాడు. "లైవ్ కాదు నాయనా, చచ్చినవే తెచ్చాను" అన్నాను. వాడు నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. వాడి తప్పేముంది? వాడు పొద్దున్న బియ్యం బస్తాల దగ్గర వుంటాడు, మధ్యాహ్నం చెప్పుల దగ్గర వుంటాడు. తులిప్ గురించి వాడికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పవలసిన అవసరం వుందని ఆ స్టోరు పెట్టినవాళ్ళకి తోచలేదు. నా తగువంతా అక్కడే.

తర్వాత బుద్ధి తెచ్చుకుని నాలుగు పుస్తకాలు తిరగేశాను. తులిప్ దుంప పన్నెండు నుంచి పదహారు వారాలపాటు విడవకుండా చలిలో వుండాలట, తొమ్మిది డిగ్రీల లోపు చలిలో. అప్పుడే దాని లోపల పడుకున్న పువ్వు కాడ సాగి పైకి వస్తుంది. మా అరకు చలి ఎంత గొప్పదైనా రాత్రి చలి. పొద్దెక్కితే ఎండ చుర్రుమంటుంది. ఆంధ్రా కాశ్మీరమని చెప్పుకునే లంబసింగిలో సున్నా దాకా దిగినా అది తెల్లవారుజామున కొద్ది గంటల ముచ్చట. శ్రీనగర్లో 2007లో పెద్ద తులిప్ తోట తెరిచారంటే అక్కడి శీతాకాలం వేరు. ముందే శీతల గిడ్డంగిలో పెట్టి తెచ్చిన దుంపలైతే మన దగ్గర కూడా ఒక్కసారి పూస్తాయి, పూసి ఋణం తీర్చుకుంటాయి. మరి ఈ దుంపల్ని చలిలో పెట్టారో లేదో, పెట్టినా ఆ తర్వాత ఫినాయిలు పక్కన ఎన్ని వారాలు వేలాడదీశారో ఎవరిని అడగాలి? సంచిమీద ధర వుంది, బొమ్మ వుంది, 'ఆఫర్' అని వుంది. ఏ వూళ్ళో బతుకుతుందో లేదు.

హాలండు వాళ్ళని నేనేమీ అనను. పదిహేడో శతాబ్దంలోనే వాళ్ళు మన తీరానికి వచ్చి బట్టలు బేరమాడారు. బందరులో వలందపాలెం అన్న పేరు వాళ్ళు వదిలి వెళ్ళిందే. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ వున్నాయి. వాళ్ళ దేశంలోనే ఆ శతాబ్దంలో తులిప్ దుంపల వెర్రి పట్టి, ఒక్క దుంపకి యింటి ఖరీదు పలికి, 1637 ఫిబ్రవరిలో ధర ఒక్కసారిగా కుప్పకూలి ఎందరో గొల్లుమన్నారట. అంటే దుంపల దగ్గర మోసపోయినవాళ్ళలో నేను మొదటిదాన్ని కాదు. ఈ మాట మావారితో అంటే, "చరిత్ర చదివినందుకు 198 రూపాయలకి మంచి ఓదార్పు దొరికింది" అన్నారు.

ఆ వేసవి పోయి వానలు తగ్గాక, సంతకి వెళ్ళే దారిలో ఒక మొక్కల కొట్టు ముందు ఆగాను. కొట్టంటే వెదురు గుంజలు నాలుగు, పైన చిరుగుల పచ్చ వల, కింద నల్ల కవర్లలో మొక్కలు. నడిపేది ఒక గిరిజన స్త్రీ. నాకంటే పదేళ్ళు పెద్దదై వుంటుంది. ఆవిడ అందర్నీ 'నువ్వు' అనే పిలుస్తుంది. కొనేవాడు కూలీ అయినా సరే, కారు దిగిన ఆఫీసరైనా సరే. మొదటి రోజు నాకు చివుక్కుమంది, రెండో రోజు నుంచి అదే బాగుంది.

"ఏవైనా దుంపలున్నాయా అక్కా?" అన్నాను.

ఆవిడ ఏవున్నాయో చెప్పలేదు. నన్నే అడగడం మొదలుపెట్టింది. ఇల్లు ఎటు మొహం? ఎండ పొద్దుటిదా, సాయంత్రందా? వానపడితే నీళ్ళు నిలుస్తాయా, జారిపోతాయా? పిల్లలున్నారా, కోళ్ళున్నాయా? పెళ్ళి సంబంధం మాట్లాడడానికి వెళ్ళినా ఇన్ని అడగరు. అన్నీ విన్నాక చెక్క పెట్టెలోంచి గ్లాడియోలస్ దుంపలు ఆరు తీసి, ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసి, ఒకటి పక్కన పెట్టేసి ఇంకోటి వేసింది.

"అది బాగానే వుందిగా?" అన్నాను.

"నీకు బాగుంది. నాకు మెత్తగుంది. రేపు నువ్వొచ్చి నన్నంటావు."

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలని వుంది. 'రేపు నువ్వొచ్చి నన్నంటావు'. నన్ను అనడానికి ఒక మొహం వుంది, వచ్చి అనడానికి ఒక చోటు వుంది. ఆ దుంపలు నాటిన మూడు నెలలకి కత్తుల్లాంటి ఆకుల మధ్య నుంచి కాడలు లేచి, అడుగు నుంచి పైకి ఒక్కొక్క పువ్వే విచ్చుకుంటూ పోయాయి. ఆకులు పండిపోయాక తవ్వితే పాత దుంప ఎండి చెక్క అయిపోయి, దాని నెత్తిన కొత్త దుంప, చుట్టూ సెనగగింజలంత పిల్ల దుంపలు. ఇదంతా ఆవిడ ముందే చెప్పింది. నీడన ఆరబెట్టమనీ, మట్టి కడగవద్దనీ కూడా చెప్పింది. ఆ చెప్పిన దానికి ఆవిడ డబ్బు పుచ్చుకోలేదు. దుంపకి పాతిక రూపాయలు, అంతే.

మీలో కొందరు ఇప్పటికే లెక్క వేసి వుంటారు. స్టోరులో దుంప ఇరవై పడింది, ఇక్కడ పాతిక. "చూశావా, స్టోరే చవక!" అంటుంది విశాఖలో వున్న నా స్నేహితురాలు. ఆవిడ వాదన కొట్టిపారేసేది కాదు. "నర్సరీకి వెళ్ళాలంటే కారుండాలి, తీరిక వుండాలి. అక్కడ నోటికి వచ్చిన ధర చెబుతారు. స్టోరులో ధర అచ్చేసి వుంటుంది, బేరమాడక్కర్లేదు, ఎవరూ చులకనగా చూడరు. నెల జీతం మీద బతికే వాళ్ళింటికి కూడా ఒక గులాబీ వచ్చిందంటే ఆ స్టోరు చలవే కదా!" అంటుంది. నిజమే. కొన్ని నర్సరీల వాళ్ళు ఆటో దిగినవాళ్ళకి ఒక ధర, కారు దిగినవాళ్ళకి ఒక ధర చెబుతారు. ఎర్ర గులాబీ అని ఒట్టేసి ఇస్తే తెల్లగా పూసిన అనుభవం నాకే వుంది. ఇక్కడ ఘాట్ రోడ్డు పక్కన ఒకాయన చెట్టుమీంచి వేళ్ళతో సహా పెరికి తెచ్చిన అడవి ఆర్కిడ్ అమ్మజూపితే నేను మాట్లాడకుండా వచ్చేశాను. మాట్లాడవలసింది. దగ్గరవాడు అమ్మేదల్లా పవిత్రమని నేననడం లేదు.

అయితే నెలజీతం వాళ్ళ సంగతే మాట్లాడుకుందాం. దానికి నేను మా అత్తగారి కథ చెప్పాలి.

మా అత్తగారిది విజయనగరం. మావయ్యగారు వున్నన్నాళ్ళూ ఆ పెంకుటింటి పెరట్లో మందారాలూ, నందివర్ధనాలూ, డిసెంబరాలూ ఆవిడ చేతి మీద పెరిగినవే. ఎవరైనా కొమ్మ అడిగితే తుంచి ఇస్తూ, "దొంగతనంగా తీసుకెళ్ళకపోయావా, ఇంకా బాగా బతుకును" అనేవారు. మావయ్యగారు పోయాక యిల్లు అమ్మేసి ఆవిడ విశాఖలో మా మరిది వాళ్ళ ఫ్లాటుకి వచ్చారు. అయిదో అంతస్తు, బాల్కనీ. మరిది మంచివాడు. అమ్మకి తోచుబాటు కావాలని స్టోరు నుంచి 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' గులాబీలు తెచ్చాడు. పూలతో, మొగ్గలతో కళకళలాడుతూ వచ్చాయి. వారానికి మొగ్గలు రాలాయి, మూడు వారాలకి కొమ్మలు నల్లబడ్డాయి. మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ అంతే. మూడోసారి చామంతులు తెచ్చాడు, అవీ పోయాయి.

నేను చూడడానికి వెళ్ళినపుడు బాల్కనీలో ఖాళీ కుండీలు బోర్లించి వున్నాయి. "ఏం అత్తయ్యా?" అంటే, చెయ్యి తిప్పి చూపిస్తూ, "నా చేతిలో చలవ పోయిందమ్మా. ఇంక నా చేత్తో ఏదీ బతకదు" అన్నారు. మామూలుగానే అన్నారు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆవిడ హస్తవాసికి ఏమీ కాలేదు. ఆ గులాబీ ఎక్కడో పాలీహౌసులో, కొలిచి పోసిన నీళ్ళతో, కొలిచి వేసిన ఎరువుతో పెరిగింది. అమ్మకానికి అందంగా కనబడాలని తొందరపెట్టి పూయించారు. మట్టికి బదులు తేలిగ్గా వుంటుందని కొబ్బరి పొట్టు నింపారు. లారీలో, ఆ తర్వాత ఏసీ గదిలో, ఎండ మొహం చూడకుండా వారాలు గడిపింది. అక్కడినుంచి తిన్నగా విశాఖ ఉప్పుగాలిలో అయిదో అంతస్తు ఎండలో నిలబెడితే ఏం చేస్తుంది? కొబ్బరి పొట్టు ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే పైన పోసిన నీళ్ళు పక్కలనుంచి జారిపోతాయి, లోపల వేళ్ళు దాహంతోనే వుంటాయి. పోసేవాళ్ళు పోశామనుకుంటారు. ఇదంతా చీటీమీద రాయరు. మొక్క చస్తే కొన్నవాళ్ళు తమ చెయ్యి మంచిది కాదనుకుంటారు. డబ్బున్నవాళ్ళు ఇంకోటి కొంటారు. లేనివాళ్ళు మానేస్తారు. నా స్నేహితురాలు చెప్పే ఆ నెలజీతం ఇల్లాలు రెండుసార్లు వంద వంద పోగొట్టుకుని, పైగా తప్పు తన చేతిదని నమ్మి, కుండీ బోర్లిస్తుంది. ఇది ఏ రకం చవకండీ?

అసలు నన్నడిగితే మొక్క ధరలో రెండు ధరలుంటాయి. మొక్క ధర ఒకటి, అది చచ్చిపోతే ఎవరు భరిస్తారన్నది రెండోది. ఇక్కడ నేను చూసిన సంగతి ఒకటి దాచకుండా చెబుతాను. అరకులో ఆవిడ కొట్టులో వున్న గులాబీలు, క్రోటన్లు చాలావరకు అరకువి కావు. కవర్లలో వున్నది గోదావరి మట్టి. కనిపెట్టి అడిగితే ఆవిడేమీ తడబడలేదు. "కడియం నుంచి లారీ వస్తాది. నెలరోజులు ఈడే వుంచుతాను. ఈ సలికి తట్టుకున్నవే అమ్ముతాను. సచ్చినవి సచ్చినట్టే."

కడియం అంటే మీకు తెలియనిది కాదు. రాజమండ్రి పక్కన కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఆ చుట్టుపట్ల ఊళ్ళు వూళ్ళే నర్సరీలు. అంటు కట్టడం, గాలి అంటు వేయడం, మట్టి ముద్దతో సహా మొక్కని లేపి దేశం నలుమూలలకీ పంపడం అక్కడ యింటింటి విద్య. కాబట్టి 'స్థానికం' అంటే నా వుద్దేశం మొక్క ఈ కొండలోనే మొలిచి వుండాలని కాదు. ఎక్కడినుంచి వచ్చినా ఇక్కడి చలికీ ఎండకీ నెలరోజులు కాపలా కాసి, ఆ నెలలో చచ్చినవాటి నష్టం తను భరించి, బతికినదాన్ని మన చేతిలో పెట్టే మనిషి ఒకరు మధ్యలో వుండాలని. స్టోరు ఆ మనిషిని తీసేసింది. ఆ నెల నష్టాన్ని మన యింటికి పంపింది. మిగిలిన దానికి డిస్కౌంటు అని పేరు పెట్టింది.

పరాయి దేశపు మొక్కలంటే నాకు కిట్టదనుకునేరు. సంక్రాంతికి గొబ్బెమ్మ నెత్తిన పెట్టే బంతిపువ్వు మెక్సికో నుంచి వచ్చింది, చామంతి చైనా నుంచి. మా అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం మురిశాం. ఆ కాఫీ పుట్టిల్లు ఆఫ్రికా, దానికి నీడపట్టే సిల్వర్ ఓక్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. అవన్నీ వచ్చి, నిదానంగా మనవాళ్ళ చేతుల్లో నలిగి, మనవైపోయాయి. నాకు ఇష్టం లేనిది అడగకుండా, చెప్పకుండా అమ్మెయ్యడం. అందానికని తెచ్చినవి అడవికి చేసిన పని మీరు మా ఘాట్ రోడ్డు పొడుగునా చూడొచ్చు. తలంబ్రాల చెట్టంటారే, ఎరుపూ పసుపూ కలిపిన బుల్లి గుత్తులు పూసే లంటానా, అది పందొమ్మిదో శతాబ్దం మొదట్లో దొరల తోటలకి అలంకారంగా కలకత్తా వచ్చిన మొక్క. ఇవాళ కొండ వాలుల మీద మరో మొక్కని మొలవనివ్వకుండా కమ్ముకుంది. పశువు నోరు పెట్టదు. కాలవల్ని పూడ్చేసే గుర్రపుడెక్క కూడా లేతవంకాయ రంగు పువ్వు చూసి ముచ్చటపడి తెచ్చుకున్నదే. (వయ్యారిభామ మాత్రం తోటల పాపం కాదు, అది గోధుమలతో వచ్చింది.) ఇప్పుడు జాలీ సంచుల్లో, రంగుల పొట్లాల్లో ఏమేం వస్తున్నాయో, ఏది యింటి కుండీలో ఆగుతుందో, ఏది గెడ్డలోకి దిగి వూళ్ళు పట్టుకు పోతుందో డబ్బు కట్టించుకునే యంత్రం చెప్పగలదా? దాని నోట ఒకటే ప్రశ్న: "క్యారీ బ్యాగ్ కావాలా మేడమ్?"

మా అత్తగారి సంగతి కొట్టు ఆవిడతో చెప్పాను. ఆవిడకి గ్లాడియోలస్ తీసుకెళ్దామని నా ఆలోచన. మూడు మాటలు అడిగి, "వద్దు" అంది. "ఆ వేడికి ఇది ఏడుస్తాది. ముసలామెని ఏడిపించకు." లోపలికి వెళ్ళి నేలసంపెంగ దుంపలు ఒక గుత్తి తెచ్చింది. "ఇది సముద్రం పక్కనైనా బతుకుతాది. కుండీ లోతుగుండాలి. మొలక వచ్చిందాకా నీళ్ళు తక్కువ." ఆవిడ నాకు ఎక్కువ ధర సరుకు అమ్మనని చెప్పింది. నలభై నాలుగేళ్ళ జీవితంలో నాకు ఏ దుకాణంలోనైనా 'ఇది నీకు వద్దు' అని చెప్పిన వాళ్ళు ఎందరని లెక్కపెట్టుకున్నాను. ఒక చీరల కొట్టు ముసలాయన, ఈవిడ.

అత్తగారు మొదట దుంపల్ని ముట్టుకోలేదు. "నువ్వే నాటి వెళ్ళు" అన్నారు. నేను నాకు మట్టి ఎలర్జీ అని అబద్ధమాడాను. రెండు వారాల తర్వాత పొద్దున్న ఆరింటికి ఫోను మోగితే ఏం ఉపద్రవమోనని గుండె ఝల్లుమంది. "పిలక వచ్చిందే!" అన్నారు. అంతే అని పెట్టేశారు. ఆ ఏడు మరి పూలు పెద్దగా రాలేదు కానీ, ఈ ఏడు బాల్కనీ తలుపు తీస్తే సాయంత్రం హాలంతా వాసన వస్తోందని మరిది చెబుతున్నాడు.

ఇంత మంచి కొట్టు ఎలా నడుస్తోందంటే, నడవడం లేదు. ఇక్కడ ఏడాదికేడాదీ హోటళ్ళూ, రిసార్టులూ లేస్తున్నాయి. ఒక్కొక్క దానికి వందల మొక్కలు కావాలి. వాళ్ళు ఆవిడ దగ్గర కొనరు. కాంట్రాక్టరు లారీలో తెప్పించి రాత్రికి రాత్రి నాటిస్తాడు. చలికి మాడినవి పీకి పారేసి, సీజనుకి మళ్ళీ లారీ. టూరిస్టులు ఆవిడ గులాబీల మధ్య నిలబడి ఫొటో దిగి, 'మా వూళ్ళో దీనికంటే చవక' అని చెప్పి మరీ వెళ్తారు. ఆవిడ మొక్కల విద్య కాఫీ నారుమళ్ళలో నేర్చినది. గింజ టోపీ పెట్టుకున్నట్టు తలెత్తగానే మెల్లగా లేపి కవర్లోకి మార్చడం, నీడలో పెంచి వానలకి తోటలోకి పంపడం, పన్నెండేళ్ళ పిల్లగా వున్నప్పటినుంచీ చేసింది. ఇప్పుడు కొడుకు అంటున్నాడట, మొక్కలు తీసేసి ఆ జాగాలో బొంగు చికెన్ పొయ్యి పెడదామని. వాడన్నదీ తప్పు కాదు. బొంగు చికెన్ ధర ఎవరూ మా వూళ్ళో చవక అనరు.

1970 నాటి 'వన్ ఆఫ్ సెవెంటీ' చట్టం పుణ్యమా అని ఆవిడ కాళ్ళ కింద నేలని మాలాంటి బయటివాళ్ళం కొనలేం. చట్టం నేలని కాపాడింది. దానిమీద ఆవిడ పెట్టుకున్న వెదురు పందిరిని కాపాడవలసింది కొనేవాళ్ళం. అరకు అందం చూపించి గదుల అద్దె వసూలు చేసే రిసార్టుల వాళ్ళు, లారీ లోడులో నాలుగో వంతైనా ఈ రోడ్డు పక్క కొట్లలో ఎందుకు కొనరు? 1942లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైన పద్మాపురం తోటని ఇవాళ టిక్కెట్టు కొని చూసి ఆనందించే మనం, బయటికి వచ్చాక ఒక్క మొక్కైనా ఎందుకు కొనం? స్టోరు తలుపులు మూయించమని నేననను. పప్పులూ సబ్బులూ నేనూ అక్కడే కొంటాను. ఊపిరి తీసేదాన్ని మాత్రం ఊపిరి తెలిసినవాళ్ళ దగ్గర కొనమంటాను. స్టోరు వాళ్ళు అమ్మి తీరతామంటే, ఆ సంచిమీద తెలుగులో మూడు ముక్కలు రాయమనండి: ఏ వాతావరణంలో బతుకుతుంది, ఎన్నాళ్ళ కిందటి దుంప, చస్తే ఎవరిని అడగాలి. రాస్తే అమ్ముడు పోవంటారా? అయితే ఇన్నాళ్ళూ ఏం అమ్మినట్టు?

కిందటి వారం విశాఖ వెళ్ళినపుడు అత్తగారు ఒక పాత న్యూస్ పేపరు పొట్లం చేతికి ఇచ్చారు. కుండీ విప్పి దుంపల్ని విడదీశారట, గుత్తి రెండింతలైందట. "ఆ అరకు ఆవిడకి నా పేరు చెప్పి ఇవ్వు. ఊరికే తీసుకున్న దాన్ని కాదని చెప్పు" అన్నారు. ఊరికే తీసుకోలేదు, నేను డబ్బిచ్చానని చెప్పబోయి మానుకున్నాను.

మర్నాడు కొట్టు దగ్గర ఆగాను. పచ్చ వల ఇంకా వుంది, కానీ ఒక మూల మూడు రాళ్ళు పేర్చి వున్నాయి, పక్కన వెదురు బొంగులు. నేనేమీ అడగలేదు. పొట్లం ఇచ్చి అత్తగారి మాట చెప్పాను. ఆవిడ కింద కూర్చుని, ఒక్కొక్క దుంపా ఎండకి ఎత్తి చూసి, వేలితో నొక్కి, వరసగా పేర్చింది. ఒకటి మాత్రం పక్కన పెట్టింది.

"ముసలామె నీళ్ళు ఎక్కువ పోత్తంది," అంది. "కాస్త తగ్గించమని సెప్పు."